నక్కి ఆడుట పిరికితనమా?

విద్యార్థి లోకంలో నేడు ఒక కొత్త తిట్టు ప్రచారంలో ఉన్నది. అది "క్యాంపర్" అన్న మాట. చేతిలోని ఫోనులో నూరుగురు కలిసి పోరాడే ఆటలో, ఎదురుబడి తలపడక ఒక ఇంటి మూలనో, చెట్టు చాటుననో నక్కి కూర్చుండి, సమయం చూచి దెబ్బతీసేవానికి తోటి ఆటగాళ్లు పెట్టిన బిరుదు అది. గడ్డిలో బోర్లా పడుకొని పాకేవాడైతే వానిని "స్నేక్" అంటారు. మా విద్యార్థులు ఆ మాటను తమ ఇంటి భాషలోకి తెచ్చుకొని "సాంప్" అంటున్నారు. గత వేసవి సెలవులలో మేము ఈ బిరుదులన్నింటినీ సంపాదించుకున్నాము. తెలుగు పాఠం చెప్పవలసినవారు ఈ ఆట జోలికి ఎందుకు పోయినారని కళాశాల కమిటీ పెద్దలు అడుగవచ్చును. అది అడుగవలసిన ప్రశ్నయే. దానికి సమాధానంగానే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మేము కాపురముంటున్నది మన్నెగూడలో. నగరం నుండి ఇబ్రహీంపట్నం మీదుగా నాగార్జునసాగర్ పోయే రహదారి మా ఊరి పక్కనే ఉన్నది. సాయంకాలం వేళ ఆ దారిలోని టీ హోటలు ముందర నలుగురైదుగురు కుర్రవాళ్లు తలలు వంచుకొని, చెవులలో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని కూర్చుండడం మేము రోజూ చూస్తున్న దృశ్యమే. వీరు మాటలు మరచిపోయినారే అని మొదట జాలిపడినాము. ఒకనాడు దగ్గరగా కూర్చుండి వింటే సంగతి వేరుగా ఉన్నది. "ఎడమదిక్కు ఇంట్ల ఇద్దరున్నరు", "నువ్వు ఆగు, నేను కవర్ ఇస్త", "జోన్ వస్తున్నది, లేవుండ్రి" అని క్షణం తీరిక లేకుండా మాట్లాడుకుంటున్నారు. వారిలో ఆజ్ఞలిస్తున్నవాడు మా తరగతిలో చివరి బెంచీ విద్యార్థి. రెండేళ్లలో హాజరు పలుకుటకు తప్ప వాడు మా ఎదుట నోరు విప్పలేదు. తరగతిలో మూగవాడు ఇక్కడ సేనానాయకుడు ఎట్లు అయినాడు? ఈ ఆశ్చర్యమే మమ్మల్ని ఆటలోకి దింపినది.

ఆట తెలియని పెద్దల కొరకు దాని సంగతి కొంత చెప్పవలసి ఉన్నది. ఐర్లాండు దేశస్థుడైన బ్రెండన్ గ్రీన్ రూపకల్పనలో 2017లో కంప్యూటర్ల మీద వెలువడి, 2018లో ఫోన్లకు వచ్చిన ఈ ఆటను మన పిల్లలు "పబ్జీ" అని పిలిచినారు. 2020 సెప్టెంబరు 2వ తేదీన కేంద్ర ప్రభుత్వం దీనితో సహా 118 యాప్‌లను నిషేధించినది. 2021 జూలైలో "బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా" అన్న పేరుతో మరల వచ్చినది. 2022 జూలైలో మరల తొలగింపబడి, 2023 మే నెలలో మరల తిరిగి వచ్చినది. అట్లు వచ్చినప్పుడు పద్దెనిమిది ఏండ్లు నిండనివారికి రోజుకు 3 గంటలు, మిగిలినవారికి 6 గంటలు అని పరిమితి పెట్టినారు. 6 గంటలు కూడా ఒక పరిమితియేనా అని మా వంటివారికి అనిపించకపోదు.

ఆట నియమం సులభమే. 100 మంది విమానం నుండి పారాచూట్లతో ఒక ద్వీపంలో దిగుతారు. దిగేటప్పుడు చేతిలో ఏ ఆయుధమూ ఉండదు. ఇళ్లు వెదకి తుపాకి, తూటాలు, హెల్మెట్టు, కవచం, మందుల పెట్టె సమకూర్చుకోవాలి. ఎరాంగెల్ అనే ద్వీపం 8 కిలోమీటర్ల పొడవు, 8 కిలోమీటర్ల వెడల్పు గలది. అయితే అంత చోటు చివరివరకు దక్కదు. కొన్ని నిమిషాలకొకసారి ఒక నీలి వలయం నలువైపుల నుండి ముడుచుకుంటూ వస్తుంది. పిల్లలు "జోన్" అనేది దీనినే. వలయం వెలుపల చిక్కినవాని ప్రాణశక్తి అంతకంతకు తరిగిపోతుంది. చివరకు నిలిచిన ఒక్కడు గాని, ఒక్క జట్టు గాని విజేత. అంటే ఈ ఆటలో శత్రువు ఒకడు తుపాకి పట్టుకొని వచ్చేవాడు, రెండవది కాలం.

మొదటి పది ఆటలు మేము విద్యార్థులు చెప్పినట్లే దూకుడుగా ఆడినాము. పోచింకి అనే ఊరి నడుమ దిగడం, చేతికందిన తుపాకి పట్టుకొని చప్పుడు వినవచ్చిన వైపు పరుగెత్తడం, మూడు నిమిషాలు గడవకముందే ఓడి బయటకు రావడం, ఇదే వరుస. మా వ్రేళ్లకు పందొమ్మిదేండ్లవాని వేగం లేదు. అందువలన పద్ధతి మార్చుకున్నాము. తరువాతి ఇరవై ఆటలు నక్కి ఆడినాము.

నక్కి ఆడడమంటే ఊరక కూర్చుండడమని మేమును మొదట భ్రమపడినాము. ఆడి చూస్తే గాని దానిలోని శ్రమ తెలియదు. జనం దిగని చోట, ద్వీపం అంచున దిగాలి. పరుగెత్తితే అడుగుల చప్పుడు ఇతరుల చెవిన పడుతుంది గనుక ఇళ్ల దగ్గర మెల్లగా నడవాలి. ఆటలో ఇళ్ల తలుపులు మొదట మూసి ఉంటాయి; ఒక తలుపు తెరిచి ఉన్నదంటే ఎవడో వచ్చి పోయినాడని గాని, ఇంకా లోపలనే ఉన్నాడని గాని గ్రహించాలి. మనం లోపలికి పోయిన తరువాత తలుపు మూయడం మరువరాదు. కనబడిన ప్రతివానిమీద తూటా పేల్చరాదు. ఒక్క పేలుడుతో మన చోటు పదిమందికి తెలిసిపోతుంది. అన్నింటికంటె ముఖ్యం, జోన్ ముడుచుకొనకముందే లేచి, లోపలి చోటు చూచుకోవాలి. వినడం, లెక్కించడం, ఆగడం, కదలడం, ఈ నాలుగింటికి ఎంత సాధన కావాలో మాకు అప్పుడు తెలిసినది. తొందరపాటు మా పుట్టుగుణం. దానిని కొంతైనా అదుపు చేసిన పాఠశాల ఈ ఆట అని చెప్పుటకు మేము సిగ్గుపడడం లేదు.

ఫలితం కూడా కనబడినది. చాలాసార్లు చివరి పదిమందిలో నిలిచినాము. ఒక్కసారి గెలిచినాము కూడాను. గెలిచినవానికి తెరమీద కోడికూర విందు జరిగినట్లు అభినందన వస్తుంది. ఆనాడు మా ఇంట వండినది పప్పుచారు. ఇందులో గొప్ప చెప్పుకొనుటకు ఏమియు లేదు. ప్రారంభపు అంతస్తులలో మనుషులతోపాటు యంత్రమే ఆడించే బొమ్మ ఆటగాళ్లు కూడా ఉంటారని విద్యార్థులు మా గర్వాన్ని వెంటనే తగ్గించినారు. "సార్ పక్కా సాంప్ హై" అని ఒకడు అంటే మేమును నవ్వినాము.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలువలేదు. ఒక రాత్రి ముగ్గురు విద్యార్థులతో కలిసి నలుగురి జట్టుగా ఆడినాము. ఇద్దరు ముందే పోయినారు. మూడవవాడు పైన చెప్పిన చివరి బెంచీ సేనానాయకుడు. వానికి తూటా తగిలి మోకాళ్లమీద పడినాడు. జట్టు ఆటలో అట్లు పడినవానిని తోటివాడు దగ్గరకు పోయి లేపవచ్చును. పది సెకనుల పని. వాడు మేమున్న ఇంటి గోడకు అవతలనే పాకుతున్నాడు. "సార్, రివైవ్ ఇయ్యుండ్రి" అని రెండుసార్లు అన్నాడు. మేము స్నానాలగదిలో తలుపు మూసుకొని ఉన్నాము. బయటకు వస్తే మా అడుగుల చప్పుడు వినబడుతుందని లెక్కవేసినాము. రాలేదు. వాడు పోయినాడు. మేము మరి కొంతసేపు బ్రతికినాము. జట్టుకు 4వ స్థానం వచ్చినది. మా పేరు పక్కన పాయింట్లు పెరిగినవి.

"మంచిగ బతికిండ్రు సార్" అన్నాడు ఆ విద్యార్థి. ఆ మాటలో ఎగతాళి లేదు. మేము క్షమాపణ చెప్పబోతే వాడే మరల అన్నాడు: "ఏం గాదు సార్. మేం క్లాసుల గట్లనే బతుకుతున్నం గద."

ఈ వాక్యం విన్న తరువాత మేము ఆ ఆటను ముందువలె ఆడలేకపోయినాము. ఈ వ్యాసం వ్రాయుటకు కారణం కూడా ఆ వాక్యమే.

నక్కడం పిరికితనమేనా అన్న ప్రశ్నకు మా వృత్తి గ్రంథమే ఒక సమాధానం చెబుతున్నది. తిక్కన సోమయాజి భారత రచనను ఆరంభించినది విరాటపర్వంతో. అది మొదటినుండి చివరివరకు దాగి ఉన్నవారి కథయే. ధర్మరాజు కంకుభట్టుగా, భీముడు వంటవాడుగా, అర్జునుడు బృహన్నలగా విరాటుని కొలువులో ఏడాదిపాటు తలవంచుకొని బ్రతికినారు. ఆయుధాలను జమ్మిచెట్టుమీద దాచినారు. కీచకుని వధ పట్టపగలు సభలో జరుగలేదు. రాత్రి చీకటిలో, నర్తనశాలలో జరిగినది. మా విద్యార్థుల పరిభాషలో చెప్పవలెనంటే భీమసేనుని మించిన క్యాంపర్ మరొకడు లేడు. ఐనను భీముని పిరికివాడని అన్నవారు ఎవరైనా ఉన్నారా?

అదే పర్వంలో పిరికివాడు కూడా ఒకడు ఉన్నాడు. అతడు దాగినవాడు కాదు. అంతఃపుర స్త్రీల నడుమ నిలిచి కౌరవసేనను చీల్చి చెండాడుదునని ప్రగల్భాలు పలికి, సేనను చూడగానే రథం దిగి పరుగెత్తిన ఉత్తరకుమారుడు. దూకుడుకు, ధైర్యానికి గల దూరం ఎంతో ఇక్కడ తెలుస్తున్నది. పోచింకి నడుమ దిగి మూడు నిమిషాలలో పోయేవాడు, గడ్డిలో ఓపికతో నిరీక్షించేవానిని పిరికివాడనుట సమంజసం కాదు.

మన దక్కను చరిత్రలోను ఇట్టి ఉదాహరణ కలదు. ఆఫ్రికా ఖండంలోని ఇథియోపియా ప్రాంతంలో పుట్టి, బానిసగా అమ్ముడుపోయి, అహ్మద్‌నగర్ రాజ్యానికి మంత్రియై నిలిచిన మలిక్ అంబర్, తనకంటె ఎన్నో రెట్లు పెద్దదైన మొగలు సేనను మైదానంలో ఎదుర్కొనలేదు. తేలిక గుర్రపు దళాలతో రాత్రివేళ దాడి చేయడం, శత్రువుకు ధాన్యం అందకుండా చేయడం ఆయన పద్ధతి. 1624లో భాత్వాడి యుద్ధంలో మొగలుల, బిజాపూరువారి ఉమ్మడి సేన ఆ పద్ధతి ముందు ఓడిపోయినది. బలహీనుడు బలవంతుని నియమాల ప్రకారమే పోరాడవలెనన్న శాసనం ఎక్కడా లేదు.

అయితే ఈ ఉదాహరణలను చూపి, మేము స్నానాలగదిలో చేసిన పనిని సమర్థించుకొనుటకు వీలు లేదు. పాండవుల దాగుడుకు మూడు గుణాలు ఉన్నవి. మొదటిది గడువు. ఒక్క సంవత్సరం, అంతే. ఆ గడువు దాటగానే అర్జునుడు జమ్మిచెట్టు మీది గాండీవాన్ని దించి బయటకు వచ్చినాడు. రెండవది లక్ష్యం. వారు ఎందుకు దాగినారో వారికి తెలుసును. మూడవది తోడు. ద్రౌపదికి ఆపద వచ్చినప్పుడు తమ అజ్ఞాతవాసం బయటపడే ప్రమాదం ఉన్నదని తెలిసి కూడా భీముడు కదలినాడు. గడువు లేని దాగుడు, లక్ష్యం లేని దాగుడు, తోడును విడిచిన దాగుడు, ఇవి జాగ్రత్త కావు. ఆనాటి రాత్రి మాలో లోపించినది మూడవ గుణం.

ఈ ఆటను వృత్తిగా ఆడేవారి పోటీలలో కూడా ఈ న్యాయమే కనబడుతున్నది. 2024 జూన్ చివర మన హైదరాబాదులో గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో ఈ ఆట జాతీయ పోటీల తుది ఘట్టం జరిగినది. అట్టి పోటీలలో చివరివరకు నిలిచిన జట్టుకు 10 పాయింట్లు, పడగొట్టిన ఒక్కొక్క ప్రత్యర్థికి 1 పాయింటు. కేవలం దూకేవాడు నిలబడడు గనుక ఆ పది పోగొట్టుకుంటాడు. కేవలం నక్కేవానికి పడగొట్టిన పాయింట్లు రావు. రెండింటిని సమయమెరిగి కలిపినవారికే బహుమతి.

ఇక అసలు విషయానికి వస్తాము. "మేం క్లాసుల గట్లనే బతుకుతున్నం" అన్న విద్యార్థి ఒక్కడే కాడు. ఉర్దూ మాధ్యమంలోనో, తెలుగు మాధ్యమంలోనో చదివి, ఇంట్లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కిన పిల్లలు మన కళాశాలలో అనేకులు ఉన్నారు. ఇంగ్లీషు రాదని కొందరు, తెలుగులో ఒత్తులు పలుకలేమని కొందరు, ఉర్దూ యాస బయటపడుతుందని కొందరు, తమ తమ గదులలో తలుపులు మూసుకొని కూర్చున్నారు. ప్రశ్న అడుగరు. అడిగితే జవాబు చెప్పరు. పరీక్షలో గట్టెక్కే మార్కులతో ప్రాణం దక్కితే చాలుననుకుంటారు. వీరిని మేము ఎన్నడూ నిందింపము. ఎందుకంటే మేమును అట్లే ఉన్నవారము.

విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. తెలుగులో చేరిన మొదటి సంవత్సరం, హాజరు పిలిచేటప్పుడు మా పేరు రాగానే కొన్ని తలలు మా వైపు తిరిగేవి. వారికి దురుద్దేశం ఉండకపోవచ్చును. వింతగా మాత్రమే చూచి ఉందురు. కాని మాకు అది తూటా చప్పుడువలె వినబడేది. చివరి వరుసలో కిటికీ పక్కన చోటు చూచుకొని ఆ ఏడాదంతా అక్కడనే గడిపినాము. ఆ సమయం వ్యర్థం కాలేదు. విన్నాము, చదివినాము, ఎవరూ లేనప్పుడు పద్యాలు గొంతెత్తి చదువుకున్నాము. రెండవ సంవత్సరం సెమినారులో నిలబడక తప్పలేదు. మొదటి వాక్యంలోనే శకారం షకారం తారుమారైనది. ఎవరో నవ్వినారు. కాళ్లు వణికినవి గాని పత్రం పూర్తిగా చదివినాము. కూర్చున్న తరువాత చూచుకుంటే మాకు ఏ గాయమూ కాలేదు. ఏడాదిపాటు దేనికి భయపడినామో అది ఒక్క నవ్వు మాత్రమే! ఆనాడు బయటకు రాకపోయి ఉంటే ఈ అధ్యాపక పీఠం మాకు దక్కేది కాదు.

అందువలన విద్యార్థి మిత్రులకు మేము చెప్పదలచినది ఇది. మొదటి ఏడాది వినండి, లెక్కించండి, ఎవరి బలం ఏమిటో తెలుసుకోండి. అందులో తప్పు లేదు, సిగ్గు అంతకంటె లేదు. కాని డిగ్రీకి ఉన్నవి మూడేండ్లే. ఉద్యోగాల ఇంటర్వ్యూలు, పై చదువుల ప్రవేశ పరీక్షలు, ఇంటి బాధ్యతలు నీలి వలయంవలె ముడుచుకుంటూ వస్తున్నవి. చివరి సంవత్సరం వరకు స్నానాలగదిలోనే ఉన్నవానిని ప్రత్యర్థి ఎవడూ కొట్టనక్కరలేదు; జోన్ కొట్టుతుంది. ఆటలో "జోన్ వస్తున్నది, లేవుండ్రి" అని స్నేహితులను హెచ్చరించే నోరు తరగతిలో ఎందుకు పెగలదు?

కమిటీ పెద్దలకు కూడా ఒక మనవి. కళాశాల ఆవరణలోనికి ఫోనులనే రానీయరాదని కొందరు కోరుతున్నారు. వారి ఆందోళన న్యాయమైనదే. రాత్రి రెండు గంటలవరకు ఆడి, ఉదయం తరగతిలో నిద్రపోయే పిల్లలను మేమును చూస్తున్నాము. వేసవిలో మా నిద్ర కూడా కొన్ని రాత్రులు ఈ ఆటకే పోయినది. ఐనను నిషేధం ఒక్కటే మందు కాదు. 2019 మార్చిలో గుజరాతులోని రాజ్‌కోట్‌లో పోలీసులు ఈ ఆటను నిషేధించి, ఆడుతున్న పది మంది విద్యార్థులను అరెస్టు చేసినారు. 2020లో దేశమంతటా నిషేధం వచ్చినది. ఆట ఆగిపోయినదా? ఏదో ఒక దొడ్డిదారిన ఆడినవారు ఆడుతూనే ఉన్నారు. నక్కడంలో ఆరితేరినవారికి నిషేధం విధిస్తే మరింత బాగుగా నక్కడం నేర్చుకుంటారు. అధ్యాపకునికి, విద్యార్థికి మధ్య మరొక తలుపు మూతపడుతుంది.

ఒక విషయంలో మాత్రం మెత్తదనం పనికిరాదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు వేరు. మన రాష్ట్రం 2017లోనే వాటిని నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం కూడా డబ్బు ఆటలను నిషేధించి, నైపుణ్యంతో పోటీపడే ఈ-స్పోర్ట్స్‌ను వాటినుండి వేరుచేసినది. ఈ భేదాన్ని మనమును పాటించాలి. ఫీజు డబ్బు పందెంలో పెట్టినవానిని ఆటగాడని ముద్దు చేయరాదు.

మిగిలినదానికి మాకు తోచిన ఉపాయం ఇది. తరగతి వేళలలో ఫోను సంచిలో ఉండాలన్న నియమం కఠినంగా అమలు చేయుదము. దానితోపాటు సెమినారు పద్ధతిని మార్చుదము. ఇంతవరకు ఒక్కొక్కరిని విడివిడిగా పిలిచి నిలబెడుతున్నాము. భయపడేవాడు ఆనాడు సెలవు పెడుతున్నాడు. ఇకమీదట నలుగురిని ఒక జట్టు చేయుదము. వారే దానికి "స్క్వాడ్" అని పేరు పెట్టుకున్నను అభ్యంతరం లేదు. ఒక విషయాన్ని నలుగురు పంచుకొని చెప్పాలి. నలుగురిలో ఏ ఒక్కడు నోరు విప్పకపోయినను జట్టుకు మార్కులు లేవు. ఒకడు తడబడి ఆగిపోతే మిగిలినవారు అందించి లేపవలెను. ఉర్దూ శాఖవారు, తెలుగు శాఖవారు కలిసి జట్లు కట్టితే మరింత మేలు. ఒకరి ఒత్తులు ఒకరు దిద్దుకుంటారు. దీనికి కమిటీవారు ధనం మంజూరు చేయనక్కరలేదు. వారానికి ఒక గంట, ఒక గది చాలును.

మేము ఆ విద్యార్థికి పది సెకనులు బాకీ ఉన్నాము. కమిటీ అనుమతిస్తే ఆ బాకీ తీర్చుకొనే ఏర్పాటు ఇదేనని భావిస్తున్నాము. జట్ల జాబితా సిద్ధం చేసినాము. మొదటి జట్టులో ముగ్గురు విద్యార్థుల పేర్లున్నవి. నాల్గవ పేరు మాది. విషయం విరాటపర్వం. ముందుగా నిలబడి మాట్లాడవలసినది చివరి బెంచీ సేనానాయకుడు. అతడు తడబడితే ఈసారి మేము తలుపు తీసుకొని బయటకు వస్తాము.